కుండీలో నాలుగు వందల ఏళ్ళు

తెలుగు కథలు చదివేవారికి బోన్సాయ్ అనగానే అబ్బూరి ఛాయాదేవి గారి కథ గుర్తుకు వస్తుంది. ఆడపిల్ల పెంపకాన్ని కుండీలో కుదించిన చెట్టుతో పోల్చిన ఆ కథ చదివిన నాటి నుంచీ నాకు ఈ విద్య మీద ఒక కోపం ఉండేది. కొమ్మలు కత్తిరించి, తీగె చుట్టి, ఏటికేడాది వేళ్ళు కోసి బతికించే చెట్టును చూసి ముచ్చటపడడానికి ఏముందని. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఈ వ్యసనం ఉన్నవాళ్ళు ఏ చెట్టును కలగన్నారు, ఏ జాతిని ప్రాణంగా చూసుకున్నారు అని చరిత్ర తిరగేయడం మొదలుపెట్టాక, ఆ కోపాన్ని ఎక్కడ నిలపాలో తేల్చుకోవడం కష్టమైంది.

పుట్టుక చైనాలో. 706 నాటి టాంగ్ రాకుమారుడు ఝాంగ్ హువాయ్ సమాధి గోడల మీద, చిన్న మొక్కలూ రాళ్ళూ అమర్చిన పళ్ళెం పట్టుకున్న పరిచారకుల బొమ్మ ఉంది. అది జపాను చేరి, అక్కడి మనుషుల మనసుల్లో ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే 'హచి నొ కి' అనే నో నాటకం కథ వినాలి. పేరుకు అర్థం, కుండీలోని చెట్లు.

ఆస్తి పోగొట్టుకుని పేదరికంలో ఉన్న ఒక సమురాయ్ ఇంటికి మంచు కురుస్తున్న రాత్రి ఒక సన్యాసి వస్తాడు. చలి కాచుకోవడానికి ఇంట్లో కట్టెలు లేవు. మంచి రోజుల గుర్తుగా మిగిలినవి మూడు కుండీ చెట్లు: ఉమె, చెర్రీ, పైన్. ఆ మూడింటినీ నరికి అతిథి కోసం మంట వేస్తాడు. ఆ సన్యాసి మారువేషంలో ఉన్న హోజో తొకియోరి, 13వ శతాబ్దంలో జపానును ఏలిన వాడు. తరువాత సమురాయ్‌ని పిలిపించి మూడు జాగీర్లు ఇస్తాడు. వాటి పేర్లలో ఒక్కొక్క చెట్టు పేరు ఉంటుంది: ఉమెద, సకురాయ్, మత్సుయిద. మన సక్తుప్రస్థుడి కథ తెలిసినవారికి ఈ అతిథిసేవ కొత్తగా తోచదు. నాకు కొత్తగా తోచిందల్లా, ఆకలిగొన్న ఇంట్లో ఆఖరి పిండితో సమానమైన విలువ ఒక కుండీ చెట్టుకు ఉండడమే.

ఆ మూడింటిలో పైన్‌కు ఉన్న పీట ఇప్పటికీ కదలలేదు. సముద్రతీరపు నల్ల పైన్‌ను బెరడు మొరటుదనానికీ, కొండల మీది అయిదాకుల తెల్ల పైన్‌ను నాజూకుతనానికీ మెచ్చుకుంటారు. తొకుగావా వంశపు మూడవ షోగన్ ఇయెమిత్సు ముచ్చటపడి పెంచుకున్నాడని చెప్పే అయిదాకుల పైన్ ఒకటి నేటికీ టోక్యో రాజప్రాసాదంలో ఉంది.

పైన్ పెద్దరికమైతే, షింపాకు జూనిపర్ పిచ్చి. ఈ పిచ్చి అంత పాతది కాదు, వంద ఏళ్ళు దాటినదంతే. మొదట షికొకు దీవిలోని ఇషిజుచి కొండల్లోనూ, ఆ తరువాత నీగాత ప్రాంతపు ఇతొయిగవ సున్నపురాతి చరియల మీదా ఈ చెట్లు వేటగాళ్ళ కంటబడ్డాయి. వేటగాళ్ళనే అనాలి. మంచు బరువుకు వంగి, గాలికి మెలితిరిగి, మానులో చాలా భాగం చచ్చి ఎముకలా తెల్లబారగా, పక్కన సన్నటి పట్టీలా మిగిలిన ఎర్రటి బెరడు మీద బతికే చెట్టు అది. చచ్చిన కొమ్మను 'జిన్' అనీ, బెరడు ఊడిన మానును 'షారి' అనీ అంటారు. చావు, బతుకు ఒకే మానులో పక్కపక్కన కనబడడమే దాని అందం. ఆ అందం కోసం మనుషులు నడుముకు తాళ్ళు కట్టుకుని చరియల మీద వేలాడుతూ ఉలులతో వేళ్ళు పెకలించారు. జారిపడి చచ్చినవారూ ఉన్నారు. పెకలించిన ప్రతి చెట్టూ కుండీలో బతకదని వేరే చెప్పనక్కరలేదు. చివరికి ఆ కొండలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు ఇతొయిగవ పేరుతో దొరికేవి చాలా వరకు కొమ్మ కత్తిరించి నాటి పెంచినవే. నా కోపానికి తగిన చోటు ఇదేననుకుంటాను: కత్తెర దగ్గర కాదు, ఆ చరియ దగ్గర.

1923లో వచ్చిన మహాభూకంపం తరువాత టోక్యో తోటమాలులు కొందరు మంచి మట్టీ, నీరూ, గాలీ వెదుక్కుంటూ వెళ్ళి 1925లో ఒమియాలో బోన్సాయ్ పల్లె కట్టుకున్నారు. తొలినాళ్ళలో అక్కడ ఇల్లు కట్టుకోవాలంటే కనీసం పది బోన్సాయ్‌లు ఉండాలి, మేడ కట్టకూడదు, ప్రహరీ బదులు పచ్చని కంచె ఉండాలి, వాకిలి అందరికీ తెరిచి ఉంచాలి అనే నియమాలు ఉండేవి. (మన కాలనీల సంఘాలవారు ఇది చదివితే బాగుండును!)

కలల చెట్టు అరుదైన జాతిదే కానక్కరలేదని చూపినవాడు అమెరికాలో పుట్టి జపానులో తాత దగ్గర పెరిగిన జాన్ నాకా. షింపాకు అంత పేరు లేని ఫోమినా జూనిపర్లతో 1948లో మొదలుపెట్టి ఒక చిన్న అడవిని చేశాడు. అందులోని పదకొండు చెట్లు ఆయన పదకొండుమంది మనవలకు గుర్తు. 'గోషిన్' అనే ఆ అడవిని 1984లో వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియానికి ఇచ్చాడు.

అదే మ్యూజియంలో ఉన్న మరో చెట్టు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను; కళ్ళతో కాదు, చదువుతూ. అది 1625 నుంచి కుండీలో పెరుగుతున్న తెల్ల పైన్. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన 1976లో జపాను ఇచ్చిన 53 బోన్సాయ్‌లలో ఒకటి. ఇచ్చినాయన మసారు యమకి, హిరోషిమా తోటమాలి. ఆ చెట్టు వయసు ఆయన చెప్పాడు. ఆ ఊరిలో అది ఏం చూసిందో చెప్పలేదు.

2001లో ఆయన మనవలిద్దరు, తాము పుట్టకముందే ఖండం దాటిన చెట్టును చూడడానికి మ్యూజియానికి వచ్చారు. అక్కడివారికి అసలు సంగతి అప్పుడు తెలిసింది. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు బాంబు పేలిన చోటికి యమకి ఇల్లు మూడు కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంది. కిటికీ అద్దాలు పగిలి ఇంట్లోవారికి గాజుపెంకులు గుచ్చుకున్నాయి. బయట ఉన్న ఈ చెట్టుకు మాత్రం తోట చుట్టూ ఉన్న ఎత్తైన గోడ అడ్డుపడింది. అలాంటి చెట్టును ఆ బాంబు వేసిన దేశానికే ఇచ్చి, పాతికేళ్ళపాటు ఆ సంగతి వారికి తెలియనివ్వలేదు. దీన్ని క్షమ అంటారు కొందరు. నాకు అంత తేలికగా ఆ మాట రాదు. తన పేరూ, ఊరి పేరూ లేకుండా చెట్టును చెట్టుగా చూడనివ్వాలనుకున్నాడేమో.

గోడ కాపాడిందనే అందరూ రాస్తారు. కానీ లోతు లేని కుండీలోని మట్టి ఎండాకాలంలో ఒక్కరోజుకే ఆరిపోతుంది. అది ఆగస్టు. ఊరు తగలబడుతున్న ఆ వారంలో కూడా, ఒంటి మీద గాజు గాయాలతో ఆ ఇంట్లో ఎవరో ఒకరు లేచి దానికి నీళ్ళు పోసే ఉంటారు.