నగదు వక్ఫు: ఉస్మానియా సామ్రాజ్యంలో ఒక ధర్మవివాదం

ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితమై, అమ్మకానికీ వారసత్వానికీ అందకుండా నిలిచే ఆస్తిని వక్ఫు అంటారు. సాధారణంగా అది భూమో భవనమో అయ్యేది. అయితే 15వ శతాబ్ది నుంచి ఉస్మానియా పట్టణాల్లో దాతలు రొక్కాన్నే వక్ఫు చేయగా, దాన్ని అప్పులకిచ్చి, ఏటా వచ్చే రాబడితో ఇమాముల జీతాలు, పిల్లల చదువులు, పేదల భోజనాలు నడిపే పద్ధతి వ్యాపించింది. ఖురాన్ నిషేధించిన రిబా, అంటే అప్పుపై వడ్డీ, అన్న ఆక్షేపణ రాకుండా రుణగ్రహీత తన ఇంటిని వక్ఫుకు అమ్మినట్టు, అందులోనే అద్దెకున్నట్టు, బాకీ తీరాక తిరిగి పొందినట్టు పత్రం రాసుకునేవారు. తరచు నూటికి 10 నుంచి 15 వరకు ఉండే ఆ అద్దె నిజానికి ఏమిటో ఇరుపక్షాలకూ తెలియకపోలేదు.

ఉస్మానియా న్యాయపండితుడు చివిజాదే ముహ్యిద్దీన్ ఈ ఏర్పాటును తీవ్రంగా ఖండించగా, 1545లో షేఖుల్ ఇస్లాం, అంటే సామ్రాజ్యపు ప్రధాన ముఫ్తీ, పదవి చేపట్టిన ఎబుస్సూద్ ఎఫెందీ దాన్ని సమర్థించాడు. చేతులు మారే నగదుకు శాశ్వతత్వం ఎక్కడిదన్న ప్రశ్నకు ఆయన 8వ శతాబ్దికి చెందిన హనఫీ న్యాయసంప్రదాయ పండితుడు జుఫర్ అభిప్రాయాన్నీ, జనంలో పాతుకుపోయిన ఆచారాన్నీ బదులుగా చూపాడు. రద్దుచేస్తే లెక్కలేనన్ని ధర్మసంస్థలు మూతపడతాయన్నది ఆయన అసలు ఆందోళన. 1548లో సుల్తాన్ సులేమాన్ ఆ పద్ధతికి అనుమతినిచ్చాడు. 1573లో మరణించిన పండితుడు బిర్గివీ మెహ్మద్ మాత్రం దాన్ని చివరిదాకా అంగీకరించలేదు. శాస్త్రతర్కంలో బిర్గివీ పక్షమే బలమైనదనిపించినా, నిలిచింది ముఫ్తీ మాటే. నగదు వక్ఫులు 19వ శతాబ్దిలోనూ సాగాయి.