వేసెక్టమీ
పిల్లలు చాలనుకున్న దంపతులకు ఆడవారికి చేసే ట్యూబెక్టమీ కంటే మగవారికి చేసే వేసెక్టమీ తేలిక, ప్రమాదమూ తక్కువ. పొట్ట కోయనక్కర్లేదు, ఆపరేషన్ చేసే చోటికే మత్తిచ్చి వీర్యనాళాలను కత్తిరించి కడతారు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. వేసెక్టమీ వాటా ఒక శాతం కూడా లేదు. ఈ భారమంతా ఆడవాళ్ల మీదే మోపడం అన్యాయం. మగవాడి బలం తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు: పురుష హార్మోన్ ఆ నాళాల గుండా కాక నేరుగా రక్తంలోకి చేరుతుంది. మళ్లీ పిల్లలు కావాలంటే కష్టమన్న అభ్యంతరం మాత్రం నిజం. నాళాలను తిరిగి కలిపినా ఫలితం ఖాయం కాదు. సందేహమున్నవారికి కాపర్ టీ మేలు. పైగా ఆపరేషన్ వెంటనే పనిచేయదు. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్యపరీక్షలో శుక్రకణాలు లేవని తేలాకే నమ్మాలి. ఈలోగా నెలసరి తప్పితే భార్యను శంకించడం తగదు, గర్భనిర్ధారణకు మూత్రపరీక్ష చేయించాలి.