మౌనం ఎవరి ఖాతాలో పడాలి

బందరుకు కలంకారీ చరిత్రతో పాటు పత్రికల చరిత్ర కూడా ఉంది. 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు ఇక్కడ కృష్ణాపత్రికను మొదలుపెట్టారు. దివి తాలూకాలో పుట్టిన ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దాని సంపాదకుడు. 1910లో ఆంధ్రభారతి మాసపత్రిక వెలువడిందీ ఈ ఊరి నుంచే. స్వాతంత్ర్యోద్యమంలో ఆ తరం పత్రికల పాత్ర గురించి చాలా రాశారు గానీ, వాటిని నిలబెట్టిన చందా పద్ధతిని అంతగా పట్టించుకోలేదు. ఈనాడు ఫోన్లలో తమంతట తామే కొనసాగిపోయే చందాల తగాదా తీర్చడానికి కావలసిన న్యాయం ఆ పద్ధతిలో ఉందని నా అభిప్రాయం. గడువు తీరాక కొన్నవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం వల్ల వచ్చే నష్టం అమ్మినవాడే భరించాలి.

తపాలా శాఖ మన దేశంలో వి.పి. (వాల్యూ పేయబుల్) పద్ధతిని 1877లో, మనియార్డరును 1880లో తెచ్చింది. తెలుగు పత్రికలకు ఈ రెండూ ప్రాణాధారమయ్యాయి. ఏడాది చందా ముగిసే వేళకు పత్రికవాళ్లు ఆ సంగతి తెలియజేసేవారు. వద్దని కార్డు ముక్క రాకపోతే తర్వాతి సంచికను వి.పి.లో పంపేవారు. అంటే మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం ఆనాడూ ఉంది. అయితే ఆ అంగీకారం పైకంగా మారాలంటే పోస్టుమ్యాను గుమ్మంలోకి రావాలి, కట్ట చేతికివ్వకముందే డబ్బు అడగాలి. ఎవరు పంపారో, ఎంత కట్టాలో ఆ కట్ట మీదే రాసి ఉండేది. వద్దంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. కట్ట వచ్చిన దారినే బందరుకు తిరిగి వెళ్లేది, తపాలా ఖర్చు పత్రిక నెత్తిన పడేది. ధాన్యం డబ్బు చేతికొచ్చిన నెలలో నాగాయలంక రైతు వి.పి. విడిపించుకోవచ్చు, తుపాను చేను ముంచిన ఏడు తిప్పి పంపవచ్చు. ఆ నిర్ణయం ఏటా కొత్తగా అతని చేతిలోనే ఉండేది.

దీనివల్ల పత్రికలు నష్టపోలేదా అని అడగవచ్చు. నష్టపోయాయి. వి.పి.లు వాపసు చేయవద్దని, అక్కర్లేకపోతే ముందే ఒక కార్డు రాయమని చందాదారులను బతిమాలే విజ్ఞప్తులు పాత సంచికల్లో కోకొల్లలు. ఆ బాధ నిజమైనది, దాన్ని తేలిక చేయలేం. కానీ ఆ నష్టభయమే పత్రిక కార్యాలయం చేత చందాదారుల జాబితాను సరిచూయించింది, గడువుకు ముందే కబురు పెట్టించింది. ఆ భారం పాఠకుడి మీదికి నెడితే ఇక జాబితా సరిచూసుకోవలసిన అగత్యం ఎవరికీ ఉండదు.

చట్టం కూడా ఇదే వైపు మొగ్గింది. 1862లో ఇంగ్లండులో ఫెల్ట్‌హౌస్ అనే పెద్దమనిషి, నీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే గుర్రం నాదైనట్టే అనుకుంటానని సోదరుడి కొడుక్కి రాశాడు. జవాబు రాలేదు. మౌనం అంగీకారం కాదని న్యాయస్థానం తేల్చింది. మన 1872 కాంట్రాక్టు చట్టం కూడా అంగీకారం ఏదో ఒక తీరుగా వెల్లడి కావాలనే చెబుతుంది.

ఫోను వచ్చాక ఈ కట్టుబాటు తెగింది. ప్రీపెయిడ్ బ్యాలెన్సులో డబ్బు ముందే కంపెనీ దగ్గర ఉంటుంది కాబట్టి, గుమ్మంలో నిలబడి అడగవలసిన అవసరం తప్పింది. అడగని కాలర్ ట్యూన్‌కు, జాతకాల మెసేజీకి నెలనెలా కోత పడేది. ఫిర్యాదులు ముదిరాక 2013 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోవాలంది, ఆపుకోవడానికి 155223 నంబరు ఏర్పరిచింది. తర్వాత కార్డుల ఆటోపే వచ్చింది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి, ఆ ఒక్క కోతనైనా మొత్తం ఏర్పాటునైనా వద్దనే వీలుండాలి. అప్పట్లో 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ విడిగా అనుమతి కావాలి, 2022లో ఆ హద్దును 15,000 చేశారు. పోస్టుమ్యాను చేసిన పనే ఇప్పుడు ఆ మెసేజీ చేయాలి. తేడా ఏమంటే, వి.పి. వచ్చినప్పుడు పలకకపోతే డబ్బు ఇంట్లోనే ఉండేది, మెసేజీ చూడకపోతే పోతుంది. అందుకే ఈ నిబంధన సగం దూరమే వచ్చిందంటాను.

మరిచిపోయేవాళ్లకు ఆటోపే మేలు కదా, బీమా ప్రీమియం తప్పిపోతే ఎవరిది నష్టం అని వాదిస్తారు. బీమా విషయంలో అది సబబే. కానీ ఆరు నెలలుగా తెరవని సినిమా యాప్ అలాంటిది కాదు. చేరడానికి ఒక్క నొక్కు చాలినప్పుడు, మానడానికి అయిదు పేజీలు దాటించడం మతిమరుపుకు మందు కాదు, దానితో చేసే వ్యాపారం. కేంద్రం 2023 నవంబరు 30న మోసపూరితమైనవని ప్రకటించిన పదమూడు ఎత్తుగడల్లో ఈ చందా ఉచ్చు ఒకటి.

పోయేది తొంభై తొమ్మిది రూపాయలే, దానికి కోర్టుకెళ్లేదెవరు? కంపెనీల ధీమా ఇదే. అమెరికాలో ఆ ధీమాను సామూహిక దావాలు, ప్రభుత్వ దావాలు దెబ్బతీశాయి. ప్రైమ్ చందాలో చేర్చుకున్న తీరు, మానుకోనివ్వని తీరు మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన దావాలో అమెజాన్ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీపడింది, అందులో 150 కోట్లు ఖాతాదారులకు తిరిగి ఇవ్వడానికి. మన దగ్గర అలాంటి దావాలు అరుదు కావడానికి ఒక కారణం, గెలిచిన సొమ్ములో వాటా తీసుకుని వాదించడం వకీళ్లకు నిషిద్ధం కావడం. ఆ నిషేధం వెనక మంచి ఉద్దేశమే ఉన్నా, చిన్న నష్టాల కేసులు నెత్తికెత్తుకునేవాళ్లు కరువయ్యారు.

చట్టంలో మాత్రం దారి ఉంది. ఒకే తీరుగా నష్టపోయిన వాళ్లందరి తరఫునా వినియోగదారుల కమిషన్ అనుమతితో ఒకరిద్దరు ఫిర్యాదు చేయవచ్చని 1986 నాటి వినియోగదారుల చట్టమే చెప్పింది, 2019 చట్టం దాన్ని నిలిపింది. నష్టపోయినవాళ్లను పేరుపేరునా గుర్తించడం కుదరనప్పుడు కంపెనీ చేత కట్టించే మొత్తం అమ్మిన సేవ విలువలో పాతికశాతానికి తగ్గకూడదని కూడా అంది, పాత చట్టంలో అది అయిదు శాతమే. కంపెనీ బెంగళూరులో ఉన్నా ఫిర్యాదు చేసేవాడు ఉండే చోటే కేసు నడుస్తుంది. గుడివాడ వాళ్లూ అవనిగడ్డ వాళ్లూ కలిసి బందరులోని జిల్లా కమిషన్‌లో ఒకే కాగితం మీద అడగవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించకపోతే రుసుము కూడా లేదు.