దైవజ్ఞానము – అనుదిన జీవితము
కృష్ణా తీర సంఘ చరిత్ర ఇచ్చు సాక్ష్యము



శతవార్షికోత్సవ సంచికలో చరిత్ర వ్రాయువారు సాధారణముగా మిషనరీల పేర్లు, కట్టిన ఆలయములు, తెరచిన పాఠశాలలు వరుసగా చెప్పుదురు. అవి తెలిసికొనవలసినవే. అయితే మేము ఈ వ్యాసమునకు వేరొక ప్రశ్నను తీసికొంటిమి. మన పితరులు దేవునియొద్ద పొందిన జ్ఞానము వారి వంటయింటిలోను, పొలములోను, ప్రోనోటు మీదను ఎట్లు కనబడెను? ఈ ప్రశ్నకు జవాబు దొరకిన యెడల రాబోవు నూరేండ్లకు మనకు దారి దొరకును.

నది యొద్దనే కరువు

1832–33లో గుంటూరు సీమలో నందన కరువు వచ్చెను. ఇంటింటను శవములు లేచినవి. ఆ దినములలోను కృష్ణానది సముద్రమునకు పోవుచునే యుండెను. ఆ నీటిని చేనికి మళ్లించు ఏర్పాటు మాత్రము లేదు. 1855లో బెజవాడ కొండకును సీతానగరపు కొండకును మధ్య ఆనకట్ట పూర్తియైన తరువాత అదే నది కాలువలగుండ పొలములకు వచ్చి ఈ డెల్టాను అన్నపూర్ణగా చేసెను. ఆ పాత ఆనకట్ట స్థానే నేడు 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి ఉన్నది.

వాక్యము విషయమునను ఇట్లే జరుగును. ప్రతి ఆదివారము వాక్యమును వినుచున్నాము. అది నదివలె మన ప్రక్కనుండియే ప్రవహించుచున్నది. దానిని సోమవారపు పనిలోనికి, ఇంటి ఖర్చులోనికి, భార్యాభర్తల మాటలోనికి మళ్లించునదే దైవజ్ఞానము. అది లేనిచో నది యొద్దనే కరువు.

జ్ఞానమనగా నేమి?

వేదశాస్త్ర కళాశాలలో మేము చదివిన దినములలో యోబు, సామెతలు, ప్రసంగి గ్రంథములకు జ్ఞాన సాహిత్యమని పేరు అని నేర్చుకొంటిమి. పాత నిబంధనలో జ్ఞానమునకు వాడిన హెబ్రీ మాట హొక్మా. ఈ మాట పండితులకు మాత్రమే చెందినది కాదు. నిర్గమకాండము 35వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారము కొరకు నూలు వడికిన స్త్రీలను, నేతపనివారిని గూర్చి చెప్పునప్పుడును ఇదే మాట వచ్చును. మేము పరిచర్య చేయుచున్న మంగళగిరి నేతకు పేరుపొందిన ఊరు. పడుగులో ఒక్క పోగు తెగినను చూచి అతుకు నేతగానికి ఈ మాట సులువుగా అర్థమగును. జ్ఞానమనగా చేతికి వచ్చిన తెలివి. దానికి ఆరంభము దేవునియందలి భయభక్తులని సామెతల గ్రంథము మొదటి అధ్యాయములోనే చెప్పుచున్నది.

రాఘవాపురపు వెంకయ్య

1841లో సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు మచిలీపట్నమునకు వచ్చిరి. నోబుల్ దొర 1843లో పాఠశాల తెరచెను. 1852లో అక్కడి విద్యార్థులు మంచాల రత్నము, అయినాల భూషణము బాప్తిస్మము పొందగా, అనేకులు తమ పిల్లలను బడి మాన్పించిరి. అందరు విద్యార్థులును అదే పాఠము చదివిరి. చదువు తెలివినిచ్చును, ఆ తెలివిని ఎటు నడపవలెనో తేల్చునది జ్ఞానము.

పాఠశాల బల్లలమీద కూర్చుండని వారికిని దేవుడు ఆ జ్ఞానమునిచ్చెను. రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య మాల కులమున పుట్టినవాడు. విగ్రహములయందు నమ్మిక పోయిన తరువాత, నిజమైన దేవుడెవరో తనకు చూపుమని ఆ దేవునినే అడుగుచు వెదకెను. తుదకు బెజవాడలో నున్న డార్లింగు దొరయొద్దకు వచ్చి సువార్త విని, 1859లో బాప్తిస్మము పొందెను. తరువాత ఊరక కూర్చుండక తనవారియొద్దకు, చుట్టుప్రక్కల ఊళ్లకు ఆ కబురు తీసికొనిపోయెను. ఈ ప్రాంతమున మాలపల్లెలనుండి వేలాదిగా జనులు క్రీస్తునొద్దకు వచ్చుటకు అది ఆరంభమాయెను. జ్ఞానము కొదువగా నున్నవాడు దేవుని అడుగవలెనని యాకోబు పత్రిక చెప్పుచున్నది. వెంకయ్య చేసినదంతయు అదే. అడిగెను, దొరకినదానిని దాచుకొనలేదు.

బిషప్ అజరయ్య గారి నాలుగు శత్రువులు

తిరునెల్వేలి సీమలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య గారు తమ మాతృభాష కాని తెలుగు నేర్చుకొని డోర్నకల్లులో సేవ చేసిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పయిరి. 1920 ప్రాంతమున డోర్నకల్ డయోసిస్ విస్తరించినప్పుడు కృష్ణా సీమ సంఘములును ఆయన కాపరత్వము క్రిందికి వచ్చెను.

అజరయ్య గారు గ్రామ సంఘములకు శత్రువులుగా ఎంచినవి నాలుగు: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. బోధకులుగా శిక్షణకు వచ్చిన పురుషులతో వారి భార్యలనుకూడ చేర్చుకొని చదివించిరి. ఇల్లు మారనిదే పల్లె మారదని ఆయన యెరుగుదురు. కూలినాలి చేయు తల్లులు సహితము వంట వండునప్పుడు పిడికెడు బియ్యము ప్రభువుకొరకు తీసిపెట్టుట నేర్చుకొనిరి. బీదవాడు పుచ్చుకొనువాడు మాత్రమే కాదు, ఇచ్చువాడుకూడ అను గౌరవము అట్లు కలిగెను.

దీని ఫలితము ఇరుగుపొరుగువారు చూచిరి. ఊరి బయట నివసించువారి గుడిసెలు శుభ్రపడుట, కల్లుపాక మానుట, పిల్లలు బడికి పోవుట చూచి, వారిని నిన్నటివరకు తాకనివారు సహితము, వీరిని మార్చిన దేవుడెవరని అడిగిరి. 1920, 30 దశకములలో అగ్రకులములనుండి అనేకులు సంఘములో చేరుటకు ఈ మారిన జీవితములే కారణమని అజరయ్య గారు సాక్ష్యమిచ్చిరి. ఆయన బిషప్పయిన ఇరువదియారేండ్లకు, 1939లోగాని డోర్నకల్ కెథీడ్రల్ ప్రతిష్ఠ జరుగలేదు. అంతకు ఎంతో ముందే మట్టిగోడల ప్రార్థనశాలలలో సంఘము కట్టబడెను. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి.

నేడు మన మాటేమి?

ఆ నాలుగు శత్రువులు చనిపోలేదు, బట్టలు మార్చుకొన్నవి. పూర్వము షావుకారు ప్రోనోటు వ్రాయించుకొనెను. నేడు సెల్‌ఫోనులోనే అప్పు ఇచ్చువారున్నారు. ఒక్క దినపు పెండ్లి భోజనమునకు పదేండ్లు వడ్డీ కట్టు విశ్వాస కుటుంబములు మన మధ్య లేవా? మగ్గముమీద వచ్చు కూలి ఎంతో తెలిసియు, పొరుగువానిని చూచి ఖర్చుపెట్టుట జ్ఞానమా? ఆదివారము బల్లయొద్దకు వచ్చిన చేయి శనివారము రాత్రి సీసా పట్టుకొన్నదని పిల్లలకు తెలియును. సహోదరులు పెద్దలయెదుట కూర్చుండి తేల్చుకొనదగిన సంఘ తగవులు కోర్టు మెట్లెక్కుచున్నవి. వీటిని చూచు పొరుగువారు మన దేవుని గూర్చి ఏమని అడుగుదురు?

పైనుండి వచ్చు జ్ఞానమునకు గురుతులను యాకోబు 3:17లో అపొస్తలుడు వరుసగా చెప్పెను. అది పవిత్రమైనది, సమాధానమును కోరునది, మృదువైనది, కనికరముతో నిండినది, పక్షపాతము లేనిది. ఇవి ఒక్కటియు ధనము గాని పట్టా గాని కోరవు. వెంకయ్యకు సాధ్యమైనది మనకును సాధ్యమే.

కావున ప్రియులారా, అప్పు చేయకమునుపు భార్యాభర్తలు కలిసి మోకరించుడి. తగవు వచ్చిన దినముననే సహోదరుని గడప త్రొక్కుడి. పిల్లలకు చదువు చెప్పించుటతోపాటు నిజాయితీగా సంపాదించుట నేర్పుడి. పిడికెడు బియ్యపు కుండను మరల ప్రభువుకొరకు నిలుపుడి. మన వీధిలోని వారు మన ఇంటిని చూచి, మన దేవుని గూర్చి మరల అడుగునట్లు ప్రభువు మనకు జ్ఞానహృదయము దయచేయును గాక. ఆమేన్.