శాసనసభా, పాఠ్యగ్రంథమూ

ప్రజలు పన్నులు చెల్లించి నడుపుకొనే పాఠశాలలో ఏమి బోధించాలో నిర్ణయించే అధికారం ఎవరిది? సొమ్ము ఇచ్చేవారికి మాట చెప్పే హక్కు ఉండవద్దా అని ఒక వాదం. ఎన్నికైన ప్రతినిధులందరూ ఏకగ్రీవంగా తీర్మానించినా రెండూ రెండూ కలిసి అయిదు కావు కదా అని మరొక వాదం. రెండింటిలోనూ న్యాయం ఉన్నది. ఈ రెండు న్యాయాలూ ముఖాముఖి నిలిచిన సందర్భాలు అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్రలో కొన్ని కనిపిస్తాయి. అక్కడ పాఠశాల విద్య ప్రధానంగా ఆయా రాష్ట్రాల అధికారంలోనిది. అందుచేత గణితమూ, విజ్ఞానశాస్త్రమూ అప్పుడప్పుడు శాసనసభల గడప తొక్కవలసి వచ్చింది. అట్టి మూడు ఘట్టాలను శ్రోతలకు మనవి చేస్తాను.

మొదటిది 1897లో ఇండియానా రాష్ట్రంలో జరిగింది. ఎడ్వర్డ్ గుడ్విన్ అనే గ్రామవైద్యుడు వృత్తాన్ని చతురస్రంగా మార్చే రహస్యం తనకు చిక్కిందని నమ్మాడు. ఒక వృత్తం ఇస్తే, దానితో సరిసమానమైన వైశాల్యంగల చతురస్రాన్ని కొలబద్దతోనూ, వృత్తలేఖినితోనూ గీయడం ఎట్లా అన్నది గ్రీకుల కాలంనుంచి వస్తున్న చిక్కుప్రశ్న. అది అసాధ్యమని 1882లోనే జర్మన్ గణితజ్ఞుడు లిండెమన్ నిరూపించి ఉన్నాడు. ఆ సంగతి వైద్యుని చెవిని పడలేదో, పడినా మనసుకు ఎక్కలేదో తెలియదు. తన సిద్ధాంతాన్ని ఇండియానా పాఠశాలలు రుసుము లేకుండా వాడుకోవచ్చునని, అందుకు ప్రతిగా శాసనసభ దానిని గణితసత్యంగా అంగీకరించాలని ఆయన కోరాడు. ఆయన జిల్లా ప్రతినిధి దానిని 246వ నంబరు బిల్లుగా జనవరిలో ప్రవేశపెట్టాడు.

ఆ బిల్లులోని ఒక లెక్క ప్రకారం వృత్తపరిధి వ్యాసానికి 3.2 రెట్లు అవుతుంది. సుమారు 3.1416 రెట్లని ఆర్యభటుడు క్రీస్తుశకం 499లోనే చెప్పాడు. అంతటితో ఊరుకోక, అది ఆసన్నమైన విలువ మాత్రమేనని కూడా జాగ్రత్తగా చెప్పాడు. ఈ తేడా ఎంతటిది? అయిదడుగుల వ్యాసంగల బండిచక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి ఇండియానా బిల్లును నమ్మితే, పట్టా మూడున్నర అంగుళాలు పొడుగై చక్రంమీదనుంచి జారిపోతుంది. చక్రానికి శాసనసభ మీద గౌరవం ఉండదు.

బిల్లు మొదట కాలువల వ్యవహారాలు చూసే ఉపసంఘానికి వెళ్ళింది. అక్కడినుంచి విద్యా ఉపసంఘానికి చేరింది. ఆమోదయోగ్యమని ఆ సంఘం సిఫారసు చేసింది. ఫిబ్రవరి 5వ తేదీన దిగువసభలో 67 మంది అనుకూలంగా ఓటు చేశారు. వ్యతిరేకించినవారు ఒక్కరూ లేరు. సరిగా ఆ సమయానికే పర్డ్యూ విశ్వవిద్యాలయ గణితాచార్యుడు వాల్డో, ఇండియానా విజ్ఞాన పరిషత్తుకు రావలసిన నిధుల పనిమీద సభాభవనానికి వచ్చాడు. సభలో గణితంమీద చర్చ వినబడగా నిర్ఘాంతపోయాడు. ఎగువసభ సభ్యులకు విషయం బోధపరచాడు. పత్రికలు పరిహాసం మొదలుపెట్టాయి. ఎగువసభలో బిల్లు మద్యపాన నిగ్రహ సంఘానికి వెళ్ళి, అక్కడా సిఫారసు పొందింది. ఐనప్పటికీ ఫిబ్రవరి 12న సభవారు దానిని నిరవధికంగా వాయిదా వేశారు. మాట్లాడిన సభ్యులు ఈ సిద్ధాంతంలోని మంచిచెడ్డలు తమకు తెలియవని ఒప్పుకున్నారని నాటి పత్రిక వ్రాసింది. ఇది శాసనం చేయదగిన విషయం కాదని మాత్రమే వారు భావించారు. ఈ కథను అందరూ నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. కాని అందులో గౌరవించదగినది ఈ చివరి మాటే. గణితం తెలియకపోయినా తమ అధికారం ఎక్కడ ఆగుతుందో వారికి తెలిసింది.

వృత్తంమీద ఎవరికీ మమకారం లేదు కనుక ఆ తగవు సులభంగా తీరింది. మనిషి పుట్టుపూర్వోత్తరాల ప్రశ్న అట్టిది కాదు. 1925లో టెనెసీ రాష్ట్రంలో జాన్ వాషింగ్టన్ బట్లర్ అనే రైతు ప్రతినిధి ఒక బిల్లు తెచ్చాడు. బైబిలులోని మానవసృష్టి కథను కాదని, మనిషి కిందిస్థాయి జంతువులనుంచి పుట్టాడని చెప్పే సిద్ధాంతాన్ని ప్రభుత్వ ధనంతో నడిచే ఏ విద్యాలయంలోనూ బోధించరాదని దాని సారాంశం. తప్పిన ఉపాధ్యాయునికి 100 మొదలు 500 డాలర్ల జుల్మానా. దిగువసభలో 71 మంది దానిని బలపరచగా అయిదుగురు వ్యతిరేకించారు. మార్చిలో గవర్నరు సంతకంతో అది చట్టమైంది.

జూలైలో డేటన్ అనే చిన్నపట్టణంలో జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయునిపై విచారణ జరిగింది. చట్టాన్ని పరీక్షకు పెట్టడానికి ఆయన స్వయంగా ముద్దాయి కావడానికి సమ్మతించాడు. ప్రాసిక్యూషను పక్షాన విలియం జెన్నింగ్స్ బ్రయన్, ముద్దాయి పక్షాన క్లారెన్స్ డారో వాదించారు. చికాగోనుంచి వచ్చిన రేడియోవారు న్యాయస్థానంలో మైక్రోఫోనులు అమర్చి ఆ వాదప్రతివాదాలను ప్రసారం చేశారు. రేడియో చరిత్రలో అది చెప్పుకోదగిన సంఘటన. వాదన ఎంత సుదీర్ఘమైనా జూరీకి తొమ్మిది నిమిషాలే పట్టింది. స్కోప్సుకు 100 డాలర్ల జుల్మానా పడింది. ఆ మొత్తాన్ని జూరీ కాక న్యాయమూర్తి నిర్ణయించాడన్న కారణంచేత 1927లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం శిక్షను కొట్టివేసింది. చట్టాన్ని మాత్రం నిలబెట్టింది.

ఇందులో ఒక వింత ఉన్నది. స్కోప్స్ వాడిన జీవశాస్త్ర గ్రంథాన్ని నిర్ణయించింది ఆ రాష్ట్రమే. ఆ గ్రంథంలోనే పరిణామవాదం ఉన్నది. అంటే ప్రభుత్వం ఒక చేత పుస్తకం ఇచ్చి, మరొక చేత బెత్తం పట్టింది. అయితే ఆ గ్రంథం కూడా దోషరహితం కాదు. మానవజాతులను మెట్లుమెట్లుగా పేర్చి, తెల్లవారిని పైమెట్టున కూర్చోబెట్టిన వాక్యాలు అందులో ఉన్నాయి. వాటిని తరువాతి విజ్ఞానశాస్త్రం త్రోసిపుచ్చింది. పరిశోధకులు ప్రశ్నించి, కొలిచి, వాదించుకొని తమ పొరపాటును తామే దిద్దుకోగలగాలి. ఆ తప్పుకు కూడా శాసనముద్ర పడి ఉంటే దిద్దడం ఎంత దుర్లభమయ్యేదో ఊహించవచ్చు. శాస్త్రంలో తప్పులుండవని కాదు. దిద్దుకొనే దారి మూయరాదని మన వాదం.

టెనెసీ చట్టం కింద మరిన్ని శిక్షలు పడలేదు. పడనక్కరలేదు కూడా. ఇంటిమీద అప్పు, పిల్లల చదువు ఉన్న ఉపాధ్యాయుడు వివాదాస్పదమైన అధ్యాయాన్ని మౌనంగా దాటవేస్తాడు. పుస్తకాలు అమ్ముకొనే ప్రకాశకుడు ఏ రాష్ట్రంలోనూ పేచీ రాకుండా ఆ పుటలను కుదిస్తాడు. స్కోప్స్ వాడిన గ్రంథానికి తరువాత వచ్చిన ప్రతిలో అట్లే జరిగింది. ఆ నష్టం ఏ న్యాయస్థానపు దస్తరంలోనూ నమోదు కాదు. ఎన్నో ఏండ్లపాటు తరగతిగదిలో కూర్చున్న బిడ్డలు, తమకు చెప్పనిదేదో తమకే తెలియకుండా పెద్దవారయ్యారు.

మూడవ ఘట్టం 1957 అక్టోబరు 4న ఆకాశంలో మొదలైంది. సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించగానే, మన పాఠశాలల్లో గణితం, విజ్ఞానం ఎట్లా ఉన్నాయని అమెరికా తన్ను తాను ప్రశ్నించుకొన్నది. 1958 సెప్టెంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జాతీయ రక్షణ విద్యాచట్టంపై సంతకం చేశాడు. నాలుగేండ్లకు సుమారు 100 కోట్ల డాలర్లు. విద్యార్థులకు ఋణాలు, పాఠశాలలకు ప్రయోగశాల పరికరాలు, గణిత, విజ్ఞాన, విదేశభాషల బోధనకు సహాయం. ఈ చట్టం ఏ సిద్ధాంతం నిజమో చెప్పలేదు. నేర్చుకోవడానికి సాధనాలు ఇచ్చింది. ఇదీ నిష్కళంకం కాదు. ఋణం పొందే విద్యార్థి, ప్రభుత్వాన్ని కూలద్రోయగోరే సంస్థలతో తనకు సంబంధం లేదని ప్రమాణపత్రం ఇవ్వవలసివచ్చింది. విశ్వవిద్యాలయాల నిరసనలపై 1962లో ఆ నిబంధన తొలగిపోయింది.

కొత్త కాలానికి కొత్త పుస్తకాలు వచ్చాయి. ఆర్కన్సాస్ రాష్ట్రంలో 1928లో ప్రజల ఓటుతోనే నెగ్గిన పరిణామవాద నిషేధం ఇంకా అమలులో ఉన్నది. 1965లో లిటిల్‌రాక్ నగరపు పాఠశాలలకు వచ్చిన జీవశాస్త్ర గ్రంథంలో ఆ సిద్ధాంతమే ఉన్నది. సూసన్ ఎపర్సన్ అనే ఉపాధ్యాయినికి పుస్తకం చెప్పితే చట్టం ఉల్లంఘించినట్లు, చెప్పకపోతే విధి మానినట్లు అయింది. ఆమె న్యాయస్థానానికి వెళ్ళింది. టెనెసీ తన చట్టాన్ని 1967లో రద్దు చేసుకొన్నది. 1968 నవంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఆర్కన్సాస్ చట్టాన్ని కొట్టివేసింది. ఒక మతవిశ్వాసానికి అనుగుణంగా బోధనను మలచే అధికారం రాష్ట్రానికి లేదని తీర్పు చెప్పింది. ఓట్ల ఆధిక్యం ఎంత ఉన్నా అది చేయరాని పనులు కొన్ని ఉంటాయని దాని అర్థం.

మొదటి ప్రశ్నకు వస్తే, ప్రజల మాట చెల్లవలసిన చోట్లు ఎన్నో ఉన్నాయి. బడి ఎంత దూరాన ఉండాలి, అందులో ఎవరెవరికి ప్రవేశం ఉండాలి, గణితానికి వారానికి ఎన్ని గంటలు, ఉపాధ్యాయునికి ఎంత జీతం, ప్రయోగశాలకు ఎంత సొమ్ము: ఇవన్నీ శాసనసభవారు తేల్చవలసినవే. వాటిని తేల్చకపోవడం కర్తవ్యలోపం. వృత్తపరిధి ఎంత, జీవజాతులు ఎట్లా పుట్టాయి అన్నవి మాత్రం చేతులెత్తి తేల్చేవి కావు. 1897లో ఇండియానా ఎగువసభవారు తమకు తెలియని విషయాన్ని తెలియదని పక్కన పెట్టగలిగారు. తెలియదని అనే ధైర్యం చట్టం చేసేవారికీ, పాఠం చెప్పేవారికీ సమానంగా అవసరం. బడిలో బిడ్డ మొదట నేర్చుకోవలసిన శాస్త్రం కూడా అదే.