ప్రతివాడూ పాదుషాయే

"రజాకార్" అన్న మాటకు నిఘంటువు చెప్పే అర్థం చాలా సాధువైనది. తన ఇష్టంతో, ప్రతిఫలం కోరకుండా సేవకు ముందుకు వచ్చినవాడు అని. మనం స్వచ్ఛంద సేవకుడు అంటామే, అదే. పాకిస్తానులో వరదలొచ్చినప్పుడు సహాయం చేసే కుర్రవాళ్ళను ఉర్దూలో ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మన తెలంగాణ పల్లెల్లో మాత్రం అది దీపాలార్పి తలుపులు గడియ వేసుకున్న రాత్రులను గుర్తుచేసే మాట. (బంగ్లాదేశంలో 1971 తరువాత అది తిట్టయింది. 2024 జూలైలో ఆనాటి ప్రధాని నోట ఆ మాట వచ్చినప్పుడు ఢాకా విద్యార్థుల ఆగ్రహానికి అది ఆజ్యం పోసింది.)

సేవకుడన్న అర్థం గల మాట మన దగ్గర ఇలా ఎందుకయింది? సాధారణంగా వినిపించే జవాబు సులభంగానే ఉంటుంది. రాజు ముస్లిం, ప్రజలు హిందువులు, కనుక అది మతాల పోరు అని. 2022లో సెప్టెంబరు 17ను కేంద్ర ప్రభుత్వం హైదరాబాదులో విమోచన దినంగానూ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అదే ఊళ్ళో సమైక్యతా దినంగానూ జరిపాయి. పేరు ఏదైతేనేం, ఆ రెండు సభల మధ్య ఎక్కడో ఒక విషయం జారిపోయిందని నాకనిపిస్తుంది. రజాకార్ల కథ మతంతో మొదలు కాలేదు. ఓటు ఎవరికి ఉండాలి, భూమి ఎవరిదై ఉండాలి అన్న ప్రశ్నలతో మొదలయింది. మతం ఆ ప్రశ్నలకు చెప్పిన జవాబు.

1941 జనగణన ప్రకారం హైదరాబాదు సంస్థానం జనాభా కోటీ అరవై మూడు లక్షలు. అందులో ముస్లింలు నూటికి పదమూడు మందికి మించరు. పదహారు జిల్లాల్లో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడానివి. పాలన నడిచేది మాత్రం ఉర్దూలో. సుమారు మూడో వంతు భూమి జాగీర్దార్ల చేతుల్లో, పదో వంతు నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ కింద ఉండేది. మిగిలిన దివానీ ఇలాకాలో సర్కారుకూ రైతుకూ నడుమ దేశ్‌ముఖులు ఉండేవారు. తెలంగాణలో ఆ దేశ్‌ముఖులు దాదాపు అందరూ హిందువులే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు అవసరపడుతుంది.

ఇటువంటి రాజ్యంలో బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్న కోరిక వచ్చినప్పుడు, తలకొక ఓటు అంటే ఏమవుతుందో లెక్క చేయడానికి గణితశాస్త్రం అక్కరలేదు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఆ కోరికతోనే పుట్టింది. పుడుతూనే నిషేధానికి గురయింది. 1939లో నిజాం ప్రకటించిన సంస్కరణలు శాసనసభలో హిందువులకూ ముస్లింలకూ సమసంఖ్యలో స్థానాలిచ్చాయి. అంటే ఎనభై అయిదూ పదమూడూ సమానమన్నమాట! ఇంత వింత లెక్కకు సమర్థన కావాలి. కేవలం రాజాజ్ఞ చాలదు, అది 1939. ఆ సమర్థనను సమకూర్చిపెట్టింది మజ్లిస్.

మజ్లిస్ 1927లో ఏర్పడినప్పుడు దాని ఉద్దేశం ముస్లింలలోని వివిధ శాఖలను ఒక్కచోటికి చేర్చడం. దానిని ప్రజల సంస్థగా మలచినవాడు బహదూర్ యార్ జంగ్. ఆయన స్వయంగా జాగీర్దారు. ఉర్దూలో ఆయనంతటి వక్త ఆ కాలపు దక్కనులో లేడంటారు. ఆయన పలుకుబడిలో వ్యాపించిన సిద్ధాంతం పేరు "అనల్ మాలిక్", అంటే "నేనే ప్రభువును". సంస్థానంలోని సార్వభౌమత్వం నిజాం వ్యక్తిగత ఆస్తి కాదు, అది ముస్లిం సమాజానికి చెందినది, సింహాసనం మీద కూర్చున్నవాడు దానికి చిహ్నం మాత్రమే. కనుక టాంగా తోలే ముస్లిం కూడా పాలకుడే, ప్రతివాడూ పాదుషాయే.

ఈ మాట పాత సూఫీ నినాదాన్ని తలపిస్తుంది. "అనల్ హక్", నేనే సత్యాన్ని, అన్నందుకు మన్సూర్ హల్లాజ్‌ను 922లో బాగ్దాదులో చంపారు. మన "అహం బ్రహ్మాస్మి"కి దగ్గరి చుట్టం ఆ మాట. అందులో "నేను" కరిగిపోతుంది. "అనల్ మాలిక్"లోనేమో ఆ "నేను" కిరీటం పెట్టుకుంటుంది. ఒకే ఒక్క పదం మారితే మార్మికత రాజకీయమైపోతుందని నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ సిద్ధాంతంలోని చమత్కారం అది పేదవాడికి ఇచ్చినదానిలోనూ, ఇవ్వనిదానిలోనూ ఉంది. నగరంలో చిన్న నౌకరీ చేసుకునేవాడికి, పాతబస్తీలో అద్దె గదిలో ఉండేవాడికి, అది భూమి ఇవ్వలేదు, జీతం పెంచలేదు. సింహాసనంలో కంటికి కనిపించని ఒక వాటా ఇచ్చింది. జాగీర్ల మీద చెయ్యి వేస్తే అది జాగీర్దారు సొమ్ముకు వచ్చిన ముప్పు కాదు, నీ ప్రభుత్వానికి, నీ దీనుకు వచ్చిన ముప్పు అని చెప్పింది. యథాస్థితిని కాపాడే పనికి, ఆ యథాస్థితిలో ఏ లాభమూ లేనివాళ్ళను ఇంత ఉత్సాహంగా నిలబెట్టిన ఎత్తుగడ దక్కను చరిత్రలో మరొకటి నాకు కనిపించలేదు. ఎదుటి పక్షం కూడా మతం భాషలోనే బదులిచ్చింది. బహదూర్ యార్ జంగ్ తబ్లీగ్ పేరిట దళితులను ఇస్లాంలోకి ఆహ్వానిస్తే, ఆర్యసమాజం శుద్ధి పేరిట వెనక్కి పిలిచింది. 1938-39లో ఆర్యసమాజ సత్యాగ్రహం కోసం సంస్థానం వెలుపలినుంచి కూడా వేలమంది వచ్చి జైళ్ళు నింపారు. ఓటు గురించీ భూమి గురించీ మొదలైన మాట ఇటూ అటూ మందిరం, మసీదుల మాటయి కూర్చుంది.

1944 జూన్‌లో బహదూర్ యార్ జంగ్ హఠాత్తుగా మరణించాడు. 1946లో మజ్లిస్ పగ్గాలు లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికి వచ్చాయి. అంతకుముందే ఉన్న స్వచ్ఛంద దళం ఇతని కాలంలో సేనగా మారింది. వాళ్ళ సంఖ్య కొందరి లెక్కలో లక్ష, కొందరి లెక్కలో రెండు లక్షలు. ఢిల్లీ ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్న ధోరణిలో సాగేవి రజ్వీ ఉపన్యాసాలు.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రం చేసింది. ఇండియన్ యూనియన్‌తో యథాతథ ఒప్పందానికి అంతా సిద్ధమయ్యాక, 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున మజ్లిస్ గుంపులు ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటినీ, నిజాం న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్ ఇంటినీ చుట్టుముట్టి, వాళ్ళను ఢిల్లీ వెళ్ళనివ్వలేదు. నిజాం లొంగిపోయాడు. రాయబారులను మార్చాడు. ఛత్తారీ రాజీనామా చేశాడు. ఒప్పందం మీద నవంబరు 29న సంతకాలయితే అయ్యాయి కానీ, ఆ వెంటనే ప్రధాని పదవి మజ్లిస్‌కు ఇష్టుడైన లాయఖ్ అలీకి దక్కింది. ప్రతి ముస్లిమూ పాదుషా అయినప్పుడు అసలు పాదుషా మాట ఎవరు వింటారు? తన సింహాసనానికి కంచె అవుతుందనుకుని పెంచిన సిద్ధాంతానికి నిజామే బందీ అయ్యాడు. 1948 సెప్టెంబరు 23న రేడియోలో మాట్లాడుతూ, ఒక చిన్న ముఠా హిట్లర్ పద్ధతులతో రాజ్యాన్ని చేజిక్కించుకుందని తానే చెప్పుకున్నాడు. (పాపం అనాలని ఉంటుంది. కానీ ఆ కంచెకు నీళ్ళు పోసిందెవరు?)

ఇప్పుడు దేశ్‌ముఖుల సంగతి. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి హిందువు. భూమి కోసం అతని మనుషులు చంపిన షేక్ బందగీ ముస్లిం రైతు. 1946 జూలై 4న కడవెండిలో అదే దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. రైతులు సంఘం పెట్టి భూములు ఆక్రమించుకుంటున్నప్పుడు గడీల దొరలు రజాకార్లను పిలిపించుకున్నారు, ఆశ్రయమిచ్చారు. లాయఖ్ అలీ మంత్రివర్గంలో ఉప ప్రధాని పింగళి వెంకట్రామారెడ్డి. దళిత నాయకుడు బి. ఎస్. వెంకట్రావు అదే ప్రభుత్వంలో మంత్రి. సవర్ణుల ఏలుబడి వస్తే తమ గతి ఏమిటన్న ఆయన భయాన్ని ద్రోహమని కొట్టిపారేయడం నాకు చేతకాదు. ఇక 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకడు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్.

1948 ఆగస్టు నెల ఒక్కటి చూస్తే చాలు. ఆ నెలలో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల ఆగడాలను ఖండిస్తూ, యూనియన్‌లో చేరడమే మేలంటూ ప్రకటన చేశారు. వారిలో ఒకడైన ఫరీద్ మీర్జా ఆ ఆగడాలను చూసి సర్కారు ఉద్యోగం వదులుకున్నవాడు. 21వ తేదీ రాత్రి "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖాన్, ముప్ఫై ఏళ్ళు నిండనివాడు, పత్రిక పని ముగించుకుని ఇంటికి వస్తుండగా దారి కాచి చంపారు. రాసిన చేతిని నరికారు. 27న భైరాన్‌పల్లి. ఊరి బురుజు మీదినుంచి కొన్ని వారాలుగా ఎదిరిస్తున్న గ్రామాన్ని రజాకార్లూ నిజాం పోలీసులూ సైన్యమూ కలిసి ముట్టడించి, దొరికినవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. వందమంది దాకా పోయారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. ఆరు రోజుల తేడాతో ఒక ముస్లిం సంపాదకుణ్ణీ, ఒక హిందూ గ్రామాన్నీ చంపినవాళ్ళకు ఇద్దరూ ఒకే కారణానికి శత్రువులు. పాదుషాగిరీలో వాటా ఇస్తామంటే ఒకరు వద్దన్నారు, మరొకరు దానికి తల వంచలేదు.

సెప్టెంబరు 13న వచ్చిన భారత సైన్యం పని అయిదు రోజుల్లో ముగిసింది. ఆ తరువాత జరిగినది మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ముఖ్యంగా మరాఠ్వాడాలో, బీదర్, గుల్బర్గా ప్రాంతాల్లో ముస్లింల మీద ప్రతీకారం సాగింది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ఆ ఏడాది చివర ఊరూరా తిరిగి, చనిపోయినవారు ఇరవై ఏడు వేలనుంచి నలభై వేలదాకా ఉండవచ్చని అంచనా వేశారు. కొన్నిచోట్ల సైనికుల పాత్ర కూడా ఉందని రాశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. "ప్రతివాడూ పాదుషాయే" అన్న మాటను శత్రువులు కూడా అక్షరాలా నమ్మారన్నమాట. పాదుషాను పట్టుకోవడం కష్టం, పక్కవీధి దర్జీని పట్టుకోవడం తేలిక.

పాదుషా 1956 దాకా రాజప్రముఖుడిగా ఉన్నాడు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, జాగీర్దార్లకు నష్టపరిహారం అందింది. పారిపోయిన దొరలు చాలామంది సైన్యం వెనకే ఊళ్ళకు తిరిగివచ్చారు, ఈసారి ఖద్దరు టోపీలతో. కాసిం రజ్వీ జైలు శిక్ష ముగించుకుని 1957లో పాకిస్తాను వెళ్ళి, 1970లో కరాచీలో పోయాడు. వెళ్ళేముందు మజ్లిస్‌ను అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించాడు. ఆయన దానిని భారత రాజ్యాంగానికి లోబడిన ఎన్నికల పార్టీగా మళ్ళీ మొదలుపెట్టాడు.

సుందర్‌లాల్ నివేదికలో ఒక్క విషయం మాత్రం నన్ను వదలదు. అంతటి మారణకాండ నడుమ కూడా పొరుగువారిని కాపాడిన హిందువుల గురించి అందులో రాశారు. ముఖ్యంగా ఒకే వృత్తివారు ఒకరికొకరు అడ్డు నిలబడ్డారట. ఒకచోట హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళ తరఫున హిందువుల గుంపుకే ఎదురు నిలిచారు. ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.