గొలుసు వెంట గొలుసు: మద్రాసు నుండి హిమాలయాల దాకా

ఘనకార్యాలను తలపెట్టేవారు ఎందరో ఉంటారు. వాటిని కడముట్టించేవారు కొందరే. పెద్ద పనిని చిన్న చిన్న భాగాలుగా విభజించుకొని సాధించాలని పెద్దలు చెప్పడం, పిల్లలు వినడం పరిపాటి. అయితే ఆ భాగాలన్నీ చివరకు ఒక్కటి కావాలంటే ఏ జాగ్రత్త అవసరమో చరిత్రయే చెప్పాలి. మనం నివసిస్తున్న ఈ మద్రాసు మహానగరపు పొలిమేరలో ప్రారంభమైన ఒక మహాకార్యం అందుకు చక్కని నిదర్శనం.

1799లో శ్రీరంగపట్టణ యుద్ధం ముగిసిన పిమ్మట, ఆ యుద్ధంలో పాల్గొన్న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి దక్షిణాపథాన్ని తూర్పు తీరం నుండి పశ్చిమ తీరం వరకు శాస్త్రీయంగా కొలవాలని ప్రతిపాదించాడు. కొండలు, నదులు, అడవులు నిండిన నేలను ఆ చివర నుండి ఈ చివరకు గొలుసు పట్టి కొలవడం అసాధ్యం. కావున ఆయన త్రికోణమితిని ఆశ్రయించాడు. త్రిభుజంలో ఒక భుజం పొడవు, కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కకు అందుతాయి. అలా అందిన భుజం మరొక త్రిభుజానికి ఆధారమవుతుంది. ఈ విధంగా కొండ నుండి కొండకు త్రిభుజాల వరుస సాగిపోతుంది. నేలపై స్వయంగా కొలవవలసింది మొదటి భుజం మాత్రమే.

ఆ మొదటి భుజాన్ని కొలిచే పని 1802 ఏప్రిల్ 10న సెయింట్ థామస్ మౌంట్, అనగా మన పరంగిమల, సమీపాన ఆరంభమైంది. దాని పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు. చేతనున్నది నూరడుగుల ఉక్కు గొలుసు. అందులో రెండున్నర అడుగుల కడ్డీలు నలభై. గొలుసు కుంగకుండా ముక్కాలి పీటలపై కొయ్య తొట్లను నిలిపి, వాటిలో దానిని పరచేవారు. ఎండకు ఉక్కు సాగుతుంది గనుక ఉష్ణమాపకాలతో వేడిమిని గుర్తించి, ఆ మేరకు లెక్కను సవరించేవారు. ఒకసారి కాదు, నాలుగు వందల సార్లు అలా పరచి, ఎత్తి, మరల పరచవలసి వచ్చింది.

కొలత అంతటితో ముగియలేదు. చిన్న భాగాలతో సాగే పనిలో ఒక ప్రమాదముంది. ప్రతి భాగంలోను రవ్వంత పొరపాటు దొరలితే, వందలాది భాగాలు కూడే సరికి అది కొండంత అవుతుంది. లాంబ్టన్ దీనిని బాగుగా ఎరిగినవాడు. త్రిభుజాల వరుస బెంగుళూరుకు చేరగానే, 1804లో అక్కడ మరొక రేఖను గొలుసుతో నేలపై కొలిపించాడు. లెక్కలో వచ్చిన పొడవుకు, నేలపై తేలిన పొడవుకు గల భేదం నాలుగు అంగుళాల లోపే. ఆ ధైర్యంతో పని మంగుళూరు వరకు సాగింది. అంతవరకు 400 మైళ్ళుగా భావించిన ద్వీపకల్పపు వెడల్పు ఇంచుమించు 360 మైళ్ళేనని తేలింది.

1808లో తంజావూరులో ఆలయ గోపురంపైకి ఎక్కిస్తుండగా త్రాడు తెగి, అర టన్ను బరువు గల థియోడొలైట్ గోడకు తగిలి వంగిపోయింది. కోణాలను కొలిచే సాధనం అదే. లాంబ్టన్ ఆరు వారాలపాటు గుడారంలో కూర్చొని, ఆ వలయాన్ని వెంట్రుకవాసి చొప్పున లాగుతూ యథాస్థితికి తెచ్చాడు. 1815లో బీదరు సమీపాన మరొక రేఖను కొలిపించి వరుసను మరల సరిచూచుకున్నాడు. 1823 జనవరి 20న నేటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ వద్ద, పని మధ్యలోనే కన్నుమూశాడు.

ఈ కార్యానికి మరొక ముఖం కూడా ఉన్నది. కొలత వలన లాభపడినది పరపాలనే. పటం చేతికి వస్తే పన్నుల వసూలు, సైన్యాల నడక సుగమమవుతాయి. కష్టం మాత్రం ఈ దేశీయులది. 1819లో కృష్ణా గోదావరుల నడుమ గల అడవులలో జార్జ్ ఎవరెస్ట్ బృందమంతా విషజ్వరాల పాలయింది, పలువురు మరణించారు. ఎవరెస్ట్ పేరు శిఖరానికెక్కింది. జెండా పట్టినవారి, గొలుసు మోసినవారి పేర్లు ఏ పటంలోను కానరావు.

ఎవరెస్ట్ ఈ వరుసను హిమాలయ పాదాన గల డెహ్రాడూన్ వరకు కొనిపోయాడు. లాంబ్టన్ పై గౌరవంతో పాత లెక్కను అలాగే స్వీకరించలేదు. 1841లో బీదరు రేఖను క్రొత్త సాధనాలతో మరల కొలిపించాడు. ఆయన సాధనాలను చక్కదిద్దినవారిలో ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసీన్ హుసేన్ ఒకరు. 1852 నాటికి, గణకులకు నాయకుడైన వంగదేశీయుడు రాధానాథ్ సిక్దార్ లెక్కలలో, 15వ సంఖ్యతో వ్యవహరింపబడుతున్న శిఖరం అన్నిటికన్న ఎత్తయినదని తేలింది. అయినను తొందరపడక లెక్కలన్నీ తిరిగి పరిశీలించి, 1856లో గాని 29,002 అడుగులని ప్రకటించలేదు. 2020లో నేపాలు, చైనాలు సంయుక్తంగా ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. రెంటి నడుమ భేదం సుమారు ముప్పై అడుగులు మాత్రమే!

నూరడుగుల గొలుసు ప్రపంచపు కొనను అందుకొన్నదంటే, అది చిన్న అడుగుల మహిమ మాత్రమే కాదు. వేసిన అడుగును నిలిచి సరిచూచుకొన్న నిగ్రహపు ఫలం.

డెబ్బది అయిదు వసంతాలు నిండిన ఈ విద్యాలయానికి ఈ చరిత్ర నుండి గ్రహించదగినది కలదు. తెలుగునాటికి వెలుపల తెలుగును నిలుపుకోవడం పెద్ద సంకల్పమే. అది ఒక్క బాలుడు, ఒక్క బాలిక, ఒక్కొక్క తరగతి చొప్పున నెరవేరవలసిన పని. ఏటా ఎందరు చేరారన్నది లెక్కలో తేలే పొడవు. చేరినవారిలో ఎందరు తెలుగు పుటను తడబడక చదివి, తమ మనసులోని మాటను తప్పులేకుండా వ్రాయగలుగుతున్నారన్నది నేలపై తేలే పొడవు. ఆ రెంటికి గల భేదాన్ని ప్రతి సంవత్సరం నిర్మొగమాటంగా కొలుచుకొనే ధైర్యం ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు కలుగుగాక!